మూత తెరిస్తే నల్ల స్క్రీనేనా? లైనక్స్‌లో సస్పెండ్ సమస్య గ్రాఫిక్స్ డ్రైవర్‌దో కాదో ఇలా తేల్చుకోండి

ల్యాప్‌టాప్ మూత వేసి టీకి వెళ్లారు. పది నిమిషాల్లో తిరిగొచ్చి మూత తెరిచారు. ఫ్యాన్ తిరుగుతోంది, పవర్ లైట్ వెలుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. ఏ కీ నొక్కినా చలనం లేదు. చివరికి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశారు. రేపు సబ్మిట్ చేయాల్సిన ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో గంటసేపు టైప్ చేసినదంతా పోయింది.

ఉబుంటు, మింట్, ఫెడోరా ఏది వాడేవాళ్లకైనా ఈ అనుభవం ఎప్పుడో ఒకప్పుడు ఎదురై ఉంటుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. నెట్‌లో వెతకడం, ఎవరో ఇచ్చిన ఐదారు కమాండ్లు వరసగా పేస్ట్ చేయడం. అదృష్టం బాగుంటే పని చేస్తుంది. లేకపోతే ఉన్న సమస్యకు ఇంకోటి తోడవుతుంది, ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తెలియకుండా పోతుంది.

అసలు విషయం ఏంటంటే, నల్ల స్క్రీన్ అనేది ఒక్క జబ్బు కాదు. జ్వరంలాంటి లక్షణం మాత్రమే. లోపల కంప్యూటర్ లేచి ఉండి స్క్రీన్ ఒక్కటే వెలగకపోవచ్చు. కంప్యూటర్ మొత్తమే లేవకపోయి ఉండొచ్చు. అసలు నిద్రలోకే వెళ్లకపోయి కూడా ఉండొచ్చు. ఈ మూడింట్లో మీది ఏదో తేలితే సగం పని అయిపోయినట్టే. అది ఎలా తేల్చాలో ఇప్పుడు చూద్దాం.

ఒక చిన్న మాట: ఇక్కడ కమాండ్లను పలికే విధంగా తెలుగులో రాశాం. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి.

నిద్రపోయేటప్పుడు గ్రాఫిక్స్‌కు ఏమవుతుంది?

సస్పెండ్ అంటే మీరు చేస్తున్న పనినంతా ర్యామ్‌లో అలాగే ఉంచి, మిగతా భాగాలకు కరెంట్ ఆపేయడం లేదా బాగా తగ్గించడం. ఇందులో రెండు రకాలు ఉన్నాయి.

మొదటిది ఎస్3, లైనక్స్‌లో దీన్నే 'డీప్' అంటారు. ర్యామ్‌కు తప్ప దాదాపు అన్నింటికీ కరెంట్ ఆగిపోతుంది. పాత ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా ఇదే వాడతాయి.

రెండోది ఎస్2ఐడిల్. ఇందులో కంప్యూటర్ పూర్తిగా ఆగదు. ప్రాసెసర్, మిగతా భాగాలు తమంతట తాము అతి తక్కువ పవర్ స్థితికి వెళ్లిపోతాయి, ఇంచుమించు మన ఫోన్ లాగా. విండోస్‌లో మోడర్న్ స్టాండ్‌బై అనేది ఈ పద్ధతే. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎస్3 అసలు ఉండదు, ఇదొక్కటే ఉంటుంది.

ఇప్పుడు గ్రాఫిక్స్ దగ్గరికి వద్దాం. ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది. ర్యామ్‌కు కరెంట్ ఆగదు కాబట్టి అందులోని బొమ్మలు భద్రంగా ఉంటాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కథ వేరు. దానికి వీడియో మెమరీ అని సొంత మెమరీ ఉంటుంది. కార్డుకు కరెంట్ ఆగితే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

కాబట్టి నిద్రకు ముందు వీడియో మెమరీలోని సరుకును డ్రైవర్ వేరేచోట దాచాలి. లేచాక కార్డును మళ్లీ మొదటినుంచి సెట్ చేసి, దాచినదాన్ని తిరిగి పెట్టాలి. ఆ తర్వాత స్క్రీన్ ప్యానెల్‌ను, బ్యాక్‌లైట్‌ను వెలిగించాలి. ఈ వరుసలో ఒక్క అడుగు తప్పినా మీకు కనిపించేది నల్ల స్క్రీనే.

పవర్ బటన్ నొక్కే ముందు రెండు నిమిషాలు ఆగండి

ఈసారి స్క్రీన్ నల్లబడినప్పుడు వెంటనే ఆఫ్ చేయకండి. ఈ నాలుగు పరీక్షలు వరసగా చేయండి.

1. ఫోన్ టార్చ్ వేసి స్క్రీన్‌కు దగ్గరగా, కొంచెం ఏటవాలుగా పెట్టి చూడండి. లాక్ స్క్రీన్ మసకగా కనిపిస్తే గ్రాఫిక్స్ పనిచేస్తున్నట్టే, బ్యాక్‌లైట్ ఒక్కటే వెలగలేదు. ముందు బ్రైట్‌నెస్ పెంచే కీ నొక్కి చూడండి.

2. క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైట్ వెలిగి ఆరుతుంటే కెర్నల్ బతికే ఉంది. ఎంత నొక్కినా మారకపోతే మొత్తం సిస్టమ్ ఆగిపోయి ఉండే అవకాశం ఎక్కువ.

3. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి. నల్ల తెర మీద లాగిన్ అని అక్షరాలు వస్తే డ్రైవర్ లేచింది, డెస్క్‌టాప్ ఇరుక్కుపోయింది అన్నమాట. అక్కడ లాగిన్ అయితే పని కాపాడుకునే దారి దొరుకుతుంది.

4. ఫోన్ నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా ల్యాప్‌టాప్‌లోకి వెళ్లి చూడండి. ఇందుకు ముందే ల్యాప్‌టాప్‌లో ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వర్, ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ లాంటి యాప్ పెట్టుకుని, రెండూ ఒకే వైఫైలో ఉండేలా చూసుకోవాలి. కనెక్ట్ అయ్యిందంటే ల్యాప్‌టాప్ పూర్తిగా లేచే ఉంది, తప్పు స్క్రీన్ వైపే.

రెండు, మూడు, నాలుగు పరీక్షల్లో ఏది పాసైనా మీ అనుమానం గ్రాఫిక్స్ డ్రైవర్ మీద పెట్టుకోవచ్చు. ఏదీ పాస్ కాకపోతే తప్పు డ్రైవర్‌దే కావొచ్చు, బయోస్‌దీ కావొచ్చు. అది తేల్చే పద్ధతి కింద ఉంది.

ఇంకోటి. మూత వేసిన రెండు సెకన్లకే ల్యాప్‌టాప్ తనంతట తాను లేచిపోతుంటే అది సాధారణంగా గ్రాఫిక్స్ గొడవ కాదు. యూఎస్‌బీ మౌస్ లాంటి పరికరం దాన్ని లేపుతుండొచ్చు. అన్నీ పీకేసి ఒకసారి చూడండి.

ఆపక తప్పకపోతే ఇలా ఆపండి

పవర్ బటన్ నొక్కిపడితే డిస్క్‌కు రాయాల్సిన డేటా మధ్యలోనే పోతుంది. దానికంటే మంచి దారి ఉంది. ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ రెండూ పట్టుకుని, ఎస్, యు, బి అక్షరాలను ఒక్కోదానికీ రెండు మూడు సెకన్ల గ్యాప్ ఇస్తూ నొక్కండి. చాలా కీబోర్డుల్లో సిస్‌ఆర్‌క్యూ అంటే ప్రింట్ స్క్రీన్ కీనే, కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలపాలి. ఎస్ అంటే డేటా డిస్క్‌కు రాయడం, యు అంటే డిస్క్‌ను రీడ్ ఓన్లీ చేయడం, బి అంటే రీబూట్. ఉబుంటులో ఈ మూడూ డిఫాల్ట్‌గా పనిచేస్తాయి. కొన్ని డిస్ట్రోలు భద్రత కోసం వీటిలో కొన్నింటిని ఆపి ఉంచుతాయి.

దీనివల్ల మీరు సేవ్ చేయని ఫైల్ తిరిగి రాదు. కానీ ఫైల్ సిస్టమ్ పాడవకుండా ఉంటుంది, మనకు కావాల్సిన లాగ్ కూడా డిస్క్‌కు చేరే అవకాశం పెరుగుతుంది.

లాగ్ చూడండి, సాక్ష్యం అక్కడే ఉంటుంది

రీబూట్ అయ్యాక టెర్మినల్ తెరిచి 'సుడో జర్నల్‌సీటీఎల్ -బి -1 -కె' అని కొట్టండి. ఇక్కడ -బి -1 అంటే ఇప్పటి బూట్ కాదు, దానికి ముందుది. -కె అంటే కెర్నల్ మాటలు మాత్రమే. కింద చివరికి వెళ్లి 'పీఎం: సస్పెండ్ ఎంట్రీ' అనే లైన్ వెతకండి.

దాని తర్వాత 'పీఎం: సస్పెండ్ ఎగ్జిట్' అనే లైన్ ఉంటే కెర్నల్ నిద్రపోయి లేచింది. అయినా స్క్రీన్ రాలేదంటే గ్రాఫిక్స్ డ్రైవర్ గానీ, డెస్క్‌టాప్ గానీ కారణం.

ఎంట్రీ మాత్రమే ఉండి లాగ్ అక్కడితో ఆగిపోతే, వెళ్లేటప్పుడో లేచేటప్పుడో సిస్టమ్ ఇరుక్కుపోయింది. లేచిన తర్వాతి లైన్లు డిస్క్‌కు చేరకముందే కరెంట్ పోయి ఉండొచ్చు కూడా. అందుకే పైన చెప్పిన క్యాప్స్ లాక్ పరీక్ష ఫలితాన్ని దీంతో కలిపి చూడాలి.

'కొన్ని పరికరాలు సస్పెండ్ కాలేదు' అనే అర్థం వచ్చే లైన్ ఉంటే ల్యాప్‌టాప్ అసలు నిద్రపోలేదు. ఇది అన్నింటికంటే ప్రమాదం. మూత వేసి బ్యాగ్‌లో పెట్టుకుని బస్సెక్కితే, లోపల అది నడుస్తూనే ఉంటుంది. వేడి బయటికి పోయే దారి ఉండదు, దిగేసరికి బ్యాటరీ ఖాళీ.

వీటి చుట్టుపక్కల ఏ పేరు పదేపదే వస్తోందో చూడండి. 'ఎన్‌వీఆర్‌ఎం', 'ఎక్స్ఐడీ' అని ఉంటే ఎన్విడియా డ్రైవర్. 'ఏఎండీజీపీయూ' ఉంటే ఏఎండీ. 'ఐ915' ఉంటే ఇంటెల్. ముందు బూట్ లాగ్ లేదని మెసేజ్ వస్తే, '/వార్/లాగ్/జర్నల్' ఫోల్డర్ సృష్టించి రీబూట్ చేయండి. అప్పటి నుంచి లాగ్‌లు డిస్క్‌లో నిలుస్తాయి.

మీ మెషీన్‌లో ఏ కార్డుకు ఏ డ్రైవర్ నడుస్తోందో తెలియకపోతే 'ఎల్ఎస్‌పీసీఐ -కె' కొట్టండి. వీజీఏ, 3డీ అని ఉన్న లైన్ల కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అని ఉంటుంది.

ఏ రకం నిద్ర వాడుతోంది?

'క్యాట్ /సిస్/పవర్/మెమ్_స్లీప్' అని కొట్టండి. ఎస్2ఐడిల్, డీప్ రెండూ కనిపిస్తే, స్క్వేర్ బ్రాకెట్‌లో ఉన్నది ఇప్పుడు వాడుతున్నది. ఒక్క ఎస్2ఐడిల్ మాత్రమే కనిపిస్తే మీ ల్యాప్‌టాప్ బయోస్ ఎస్3 ఇవ్వడం లేదు.

రెండూ ఉంటే మారి చూడొచ్చు. బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో ఈ నొక్కి, 'లైనక్స్' అని మొదలయ్యే లైన్ చివర 'మెమ్_స్లీప్_డిఫాల్ట్=డీప్' చేర్చి ఎఫ్10 నొక్కండి. ఇది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది, తేడా వస్తే రీబూట్ చేస్తే పోతుంది. ఇక్కడ చెప్పే ఏ కెర్నల్ పారామీటర్‌నైనా ముందు ఇలాగే పరీక్షించండి. పనిచేసిందని నమ్మకం కుదిరాకే '/ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్' ఫైల్‌లో పెట్టి, ఉబుంటు లేదా మింట్‌లో 'సుడో అప్‌డేట్-గ్రబ్' కొట్టండి.

బయోస్ సెట్టింగులు కూడా ఒకసారి చూడండి. కొన్ని థింక్‌ప్యాడ్‌లలో స్లీప్ స్టేట్ అనే ఆప్షన్ కింద 'లైనక్స్' అని ఉంటుంది. అది పెడితే ఎస్3 వస్తుంది. ఎక్స్1 కార్బన్ ఆరో తరానికి లెనోవో 2018లో బయోస్ అప్‌డేట్ ద్వారా ఈ ఆప్షన్ ఇచ్చింది.

ఎన్విడియా అయితే

లేచాక అక్షరాలు చెదిరిపోవడం, వాల్‌పేపర్ బదులు రంగు చుక్కలు రావడం, బ్రౌజర్ క్రాష్ అవడం లాంటివి ఉన్నాయా? దానికి కారణం ఎన్విడియా డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. డ్రైవర్ మామూలుగా వీడియో మెమరీలో అత్యవసరమైన భాగాన్ని మాత్రమే దాస్తుంది. మిగతాది పోతుంది. కొన్ని యాప్‌లు దాన్ని మళ్లీ గీసుకుంటాయి, కొన్ని తట్టుకోలేవు.

మొత్తం దాచమని చెప్పే ఆప్షన్ ఉంది. దాని పేరు 'ఎన్‌వీరెగ్_ప్రిజర్వ్‌వీడియోమెమరీఅలొకేషన్స్', విలువ 1 పెట్టాలి. కొన్ని డిస్ట్రోలు ఇది ముందే పెట్టి ఇస్తాయి కాబట్టి ముందు చెక్ చేయండి. 'క్యాట్ /ప్రాక్/డ్రైవర్/ఎన్విడియా/పారామ్స్' కొడితే వచ్చే లిస్టులో ఆ పేరు పక్కన 0 ఉందో 1 ఉందో తెలుస్తుంది. 0 ఉంటే '/ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి' ఫోల్డర్‌లో ఎన్విడియా ఆప్షన్ ఫైల్‌లో దాన్ని చేర్చి, ఉబుంటులో 'అప్‌డేట్-ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ -యు', ఫెడోరాలో డ్రాకట్ నడిపి రీబూట్ చేయాలి. ఇక్కడ మాత్రం పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా ముఖ్యం. అందుకే పేరును చేత్తో కొట్టకుండా ఆ లిస్టులోంచి కాపీ చేసుకుని, ముందు 'ఎన్‌వీరెగ్_' తగిలించండి. ఆ ముందుమాటలో మొదటి రెండు అక్షరాలైన ఎన్, వి మాత్రమే పెద్దవి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఇంకో రెండు పనులున్నాయి.

ఒకటి, ఎన్విడియా-సస్పెండ్, ఎన్విడియా-రెజ్యూమ్, ఎన్విడియా-హైబర్నేట్ అనే మూడు సర్వీసులు ఆన్‌లో ఉండాలి. 'సిస్టమ్‌సీటీఎల్ ఈజ్-ఎనేబుల్డ్' తర్వాత సర్వీస్ పేరు కొట్టి చూడండి. లేకపోతే 'సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్'తో ఆన్ చేయండి.

రెండు, దాచడానికి చోటు కావాలి. డిఫాల్ట్‌గా '/టెంప్' ఫోల్డర్‌లో దాస్తుంది. ఫెడోరా లాంటి డిస్ట్రోల్లో అది డిస్క్ మీద కాకుండా ర్యామ్‌లోనే ఉంటుంది. వీడియో మెమరీ మొత్తానికి ఇంకో 5 శాతం కలిపి ఖాళీ ఉండాలని ఎన్విడియా చెబుతోంది. అంటే 8 జీబీ కార్డుకు 8.4 జీబీ. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అది కుదరదు కదా. అలాంటప్పుడు 'ఎన్‌వీరెగ్_టెంపరరీఫైల్‌పాత్' ఆప్షన్‌తో '/వార్/టెంప్' చూపించండి, అది డిస్క్ మీద ఉంటుంది.

రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఇంకో సులువైన పరీక్ష ఉంది. ఉబుంటులో 'సుడో ప్రైమ్-సెలెక్ట్ ఇంటెల్' కొట్టి రీబూట్ చేసి సస్పెండ్ చేయండి. బాగా లేస్తే తప్పు ఎన్విడియా వైపు అని తేలిపోతుంది. పరీక్ష అయ్యాక 'ఆన్-డిమాండ్'కు మార్చుకోండి.

ఇంటెల్, ఏఎండీ అయితే

ఇంటెల్‌లో లేచాక స్క్రీన్ మిణుకుమిణుకుమంటున్నా, పాత బొమ్మ దగ్గరే ఆగిపోయినా ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అనే ఫీచర్‌ను అనుమానించాలి. బ్యాటరీ ఆదా కోసం స్క్రీన్ తన దగ్గరున్న బొమ్మనే చూపిస్తూ ఉండే పద్ధతి అది. గ్రబ్ మెనూలో 'ఐ915.ఎనేబుల్_పీఎస్ఆర్=0' పెట్టి చూడండి. ఏఎండీలో ఇదే పనికి 'ఏఎండీజీపీయూ.డీసీడీబగ్‌మాస్క్=0ఎక్స్10' వాడతారు. సమస్య పోతే కారణం దొరికినట్టే. కాకపోతే బ్యాటరీ కొంచెం ఎక్కువ తింటుంది.

ఈ రెండు డ్రైవర్లూ కెర్నల్‌తోనే వస్తాయి. కాబట్టి కెర్నల్, లైనక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ, బయోస్ మూడూ అప్‌డేట్ చేయడమే చాలాసార్లు అసలు మందు. ముఖ్యంగా రైజెన్ ల్యాప్‌టాప్‌లలో ఎస్2ఐడిల్ సపోర్ట్ కెర్నల్ వెర్షన్లతో పాటు మెరుగవుతూ వచ్చింది. రెండేళ్ల కిందటి కెర్నల్‌తో కొత్త ల్యాప్‌టాప్ నడుపుతూ పారామీటర్లు మారుస్తూ కూర్చుంటే ఫలితం ఉండదు.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. నిన్నటిదాకా బాగుండి, అప్‌డేట్ తర్వాతే మొదలైందా? గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాత కెర్నల్‌తో బూట్ చేయండి. దాంతో బాగుంటే కారణం తెలిసిపోయింది. తర్వాతి అప్‌డేట్ వచ్చేదాకా పాతదానితోనే నడపొచ్చు.

డ్రైవరా, బయోసా? తేల్చే పరీక్ష

'/సిస్/పవర్/పీఎం_టెస్ట్' అనే ఫైల్ మీ సిస్టమ్‌లో ఉంటే ఇది చేయొచ్చు. రూట్‌గా మారి అందులో 'డివైసెస్' అని రాయండి, తర్వాత 'సిస్టమ్‌సీటీఎల్ సస్పెండ్' కొట్టండి. ఇప్పుడు కెర్నల్ డ్రైవర్లన్నింటినీ నిద్రపుచ్చి, 5 సెకన్లు ఆగి, లేపేస్తుంది. అసలు నిద్రలోకి మాత్రం వెళ్లదు. ఈ చిన్న పరీక్షలోనే స్క్రీన్ పోతే తప్పు ఏదో ఒక డ్రైవర్‌ది. ఇది పాసై అసలు సస్పెండ్ ఫెయిల్ అవుతుంటే బయోస్, మదర్‌బోర్డ్ వైపు చూడాలి. పరీక్ష అయ్యాక ఆ ఫైల్‌లో 'నన్' అని రాయడం మర్చిపోకండి.

ఏ మార్పు చేసినా ఒక్కసారి లేస్తే చాలనుకోవద్దు. 'సుడో ఆర్‌టీసీవేక్ -ఎం నో -ఎస్ 30' కొట్టి, వెంటనే 'సిస్టమ్‌సీటీఎల్ సస్పెండ్' కొడితే 30 సెకన్లకు తనే లేస్తుంది. ఇలా పది సార్లు చేయండి. ఆర్‌టీసీవేక్‌తోనే నేరుగా నిద్రపుచ్చొచ్చు కానీ అప్పుడు ఎన్విడియా సర్వీసులు నడవవు, ఫలితం తప్పుగా వస్తుంది. ఆ తర్వాత మూత వేసి రాత్రంతా వదిలేసి కూడా చూడండి. కొన్ని సమస్యలు ఎక్కువసేపు పడుకున్నప్పుడే బయటపడతాయి.

అయినా కుదరకపోతే?

అన్నీ చేసినా కొన్ని మెషీన్లు మొండికేస్తాయి. అప్పటిదాకా సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ సస్పెండ్ ఆపేయండి. మూత వేస్తే సస్పెండ్ కాకుండా చేయడానికి '/ఈటీసీ/సిస్టమ్‌డి/లాగిన్‌డి.కాన్ఫ్' ఫైల్‌లో 'హ్యాండిల్‌లిడ్‌స్విచ్' విలువను 'ఇగ్నోర్' చేయండి. కానీ ఒక జాగ్రత్త. ఇలా చేశాక మూత వేసినా ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది. బ్యాగ్‌లో పెట్టే ముందు తప్పనిసరిగా షట్‌డౌన్ చేయాలి. ఎస్ఎస్‌డీ ఉంటే మళ్లీ ఆన్ కావడానికి పట్టేది కొద్ది సెకన్లే.

ఎవరినైనా సహాయం అడిగేటప్పుడు 'స్క్రీన్ నల్లగా వస్తోంది' అని మాత్రమే చెప్పకండి. ల్యాప్‌టాప్ మోడల్, కెర్నల్ వెర్షన్, ఏ డ్రైవర్, ఎస్2ఐడిల్‌ా డీప్‌ా, క్యాప్స్ లాక్ పనిచేసిందా లేదా, లాగ్‌లో చివరి ముప్పై లైన్లు ఇవి ఇవ్వండి. పది ప్రశ్నలు తగ్గుతాయి, సరైన జవాబు త్వరగా వస్తుంది.

చివరగా, ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ఏం మార్చారో తేదీతో సహా ఒక నోట్‌లో రాసుకోండి. పనిచేయని మార్పును వెనక్కి తీసేశాకే తర్వాతిది మొదలుపెట్టండి. సమస్య పూర్తిగా తేలేదాకా మూత వేసే ముందు కంట్రోల్ ఎస్ నొక్కడం మాత్రం అలవాటు చేసుకోండి. డ్రైవర్‌ను ఈరోజు కాకపోతే రేపు సరిచేసుకోవచ్చు, సేవ్ చేయని రిపోర్ట్‌ను మాత్రం మళ్లీ మొదటినుంచి టైప్ చేయాల్సిందే.